‘ప్రభావాలు’ అనే అధ్యాయం: సురవరం, వట్టికోటల బాల్యపఠనంపై ఒక పరిశీలన

తెలుగు రచయితలపై వచ్చే సిద్ధాంత గ్రంథాల్లో మొదటి అధ్యాయం చాలావరకు ఒకే అచ్చులో ఉంటుంది. జననం, వంశం, విద్యాభ్యాసం, ఆ వెంటనే ‘ప్రభావాలు’. చివరి ఉపశీర్షిక కింద రచయిత చిన్ననాట చదివిన పుస్తకాల పట్టిక ఇచ్చి, ఆ పఠనమే ఆయన వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దిందని ఒక వాక్యం రాసి ముందుకు సాగుతాం. ఈ వ్యాసకర్త తన ఎం.ఫిల్. సిద్ధాంత వ్యాసంలో సరిగ్గా అదే పని చేసింది. ఆ వాక్యానికి ఆధారం ఏమిటని ఎవరూ అడగలేదు. ఎవరైనా అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ పద్ధతిలో ఒక తార్కిక దోషం ఉంది. రచయిత చివరికి ఏమయ్యాడో మనకు ముందే తెలుసు. తెలిసిన ఫలితం నుంచి వెనక్కి నడిచి, దానికి సరిపోయే పుస్తకాన్ని బాల్యంలో వెతుకుతాం. అదే పుస్తకం చదివి మరేమీ కాని వందమంది మన పట్టికలోకి రారు. ఆత్మకథలు ఈ దోషాన్ని సరిదిద్దవు సరికదా, పెంచుతాయి. అరవై ఏళ్ల వయసులో పదేళ్ల బాలుణ్ణి రాసే రచయితకూ కథ ముగింపు తెలుసు.

ఈ సందేహం నాకు గ్రంథాలయంలో కలిగింది కాదు. ఆత్మకూరు పరిసర గ్రామాల్లో వృద్ధ ఉపాధ్యాయులను కలిసి, చిన్నప్పుడు ఏ పుస్తకాలు చదివారని ప్రశ్నిస్తున్న రోజుల్లో ఒకాయన ఇచ్చిన సమాధానం నా ప్రశ్నావళినే తలకిందులు చేసింది. “పేరు యాదికి లేదు బిడ్డా. ఎవరింట్ల సదివిన్నో అది మాత్రం యాదున్నది” అన్నారాయన. ఆ ఇంటి అరుగు ఎత్తు, పుస్తకం ఇచ్చే ముందు చేతులు కడుక్కోమన్న మాట, చీకటి పడేలోగా తిరిగి అప్పజెప్పాలన్న గడువు ఆయనకు గుర్తున్నాయి. పుస్తకంలో ఏముందో మాత్రం గుర్తులేదు. చదివిన విషయం మరుగున పడి, చదువు దొరికిన తీరు మనసులో నిలిచిపోయింది. బాల్యపఠనం మనిషిని తీర్చిదిద్దే మాట నిజమే కావచ్చు. అయితే అందులో పుస్తక విషయం పాలెంత, పుస్తకం చేతికి వచ్చిన దారి పాలెంత అని విడదీసి చూడవలసి ఉంది. ఇందుకు పాలమూరు, నల్లగొండ ప్రాంతాల నుంచి రెండు జీవితాలను పక్కపక్కన పెడుతున్నాను.

సురవరం ప్రతాపరెడ్డి 1896లో గద్వాల ప్రాంతంలో జన్మించారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు పండితులను పోషించిన నేల అది. తిరుపతి వేంకట కవులు అవధానాలు చేసి సత్కారాలు పొందిన ఆస్థానాల్లో ఆత్మకూరు ఒకటి. ఈ సంస్థానాల సాహిత్య పోషణపై తూమాటి దొణప్ప పరిశోధన మనకు ప్రామాణికం. సంస్థానాలపై మన దృష్టి స్థూలంగా పోషకుడిపైనా, కవిపైనా నిలిచింది. ఆ ఊళ్లలో పెరిగిన పిల్లలు ఏం చదివారన్నది పెద్దగా పట్టించుకోలేదు. ప్రతాపరెడ్డి ఉన్నత పాఠశాల చదువు తుంగభద్ర దాటి మద్రాసు రాష్ట్రంలోని కర్నూలులో సాగింది. అక్కడే వెల్లాల శంకరశాస్త్రి వద్ద సంస్కృత సాహిత్యం అభ్యసించారు. నిజాం రాజ్యంలో పాలనా భాష ఉర్దూ. ఆధునిక విద్యలో తెలుగు స్థానం నామమాత్రం. నది దాటగల స్తోమత ఉన్నవారికి ఆవలి ఒడ్డున మరో చదువు ఉంది.

కావ్యాలు చదివిన బాలుడు కవి కావాలి. మన ‘ప్రభావాలు’ అధ్యాయం తర్కం అదే. ప్రతాపరెడ్డి పద్యాలూ రాశారు, కానీ ఆయన పేరు నిలిపింది 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. రాజుల శాసనాలకు బదులు క్రీడాభిరామం, శుకసప్తతి, హంసవింశతి వంటి కావ్యాలను సాక్ష్యాలుగా నిలబెట్టి జనం తిండి, ఆటలు, నగలు, సంతలు, నమ్మకాలను వెలికితీసిన గ్రంథం. కావ్యంలోని ఒక ఆట పేరుకో, వంటకం పేరుకో నిఘంటుకర్తలు ‘క్రీడావిశేషం’, ‘భక్ష్యవిశేషం’ అని రాసి చేతులు దులుపుకోవడం ఆయనకు చికాకు కలిగించింది. కొన్ని మాటలకు అర్థం తెలంగాణ పల్లెల వాడుకలోనే ఆయనకు దొరికింది. పల్లెలో పెరిగిన చెవి లేకుండా ఈ పని సాధ్యమయ్యేది కాదు. కాబట్టి ఇక్కడ పుస్తకం ఒక్కటే కారణం కాదు. కావ్యానికీ ఊరికీ మధ్య ఉన్న ఎడం కారణం. కర్నూలులో చదివిన పద్యంలోని మాట ఇంటికొస్తే జనం నోట వినిపించడం ఎలాంటి అనుభవమో ఊహించవచ్చు. ఇది నా ఊహే గాని, గ్రంథ పద్ధతి దానికి బలమిస్తోంది. 354 మంది కవులను ఒకచోట చేర్చిన ‘గోలకొండ కవుల సంచిక’ (1934) వెనకా ఇదే స్వభావం కనిపిస్తుంది: లేదన్నదాన్ని వెతికి చూపడం.

వట్టికోట ఆళ్వారుస్వామికి దాటడానికి నది లేదు. 1915లో నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టి, చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న ఆ బాలుడు ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంటపని చేస్తూ చదువు నేర్చుకున్నాడు. ఈ సంగతిని మన వ్యాసాలు కరుణ రసంతో ప్రస్తావించి వదిలేస్తాయి. విశ్లేషణకు అసలు సామగ్రి ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అక్షరానికి ఆయన చెల్లించిన మూల్యం శ్రమ. పొయ్యి ఆరిన తర్వాత మిగిలిన సమయమే ఆయన బడి.

ఇక్కడ ఒక పోలిక గుర్తుకొస్తుంది. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. లింకన్ బాల్యంలో అరువు తెచ్చిన వాషింగ్టన్ జీవితచరిత్ర వానకు తడిసిందని, దాని ఖరీదు కింద యజమాని పొలంలో పనిచేశాడని ప్రసిద్ధ గాథ. లోకం ఆ కథను పఠనాసక్తికి ఉదాహరణగా చెప్పుకుంటుంది. అందులో కూలి లెక్క కూడా ఉందని చాలామంది గమనించరు.

ఆళ్వారుస్వామి విషయంలో ‘ప్రజల మనిషి’ నవలను (1955) బాల్యానుభవాల ఫలంగా చూడటం పరిపాటి. కానీ ఆ నవలకు 17 ఏళ్ల ముందే, 1938లో, ఆయన దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. హోటల్లో సర్వరుగా, పత్రికలో ప్రూఫులు దిద్దేవాడిగా బతికిన యువకుడు చేతికి నాలుగు డబ్బులు వస్తే సొంత కవిత్వం అచ్చు వేసుకోవచ్చు. ఈయన ఇతరుల పుస్తకాలు వేశారు, మోసుకెళ్లి అమ్మారు. చిన్ననాట ఏ గ్రంథం చదివితే ఈ పని చేస్తారు? ఏ గ్రంథమూ ఈ ప్రశ్నకు జవాబు కాదు. పుస్తకం కోసం ఇంకొకరి గడప కాచుకుని ఉండవలసి వచ్చినవాడు ఆ గడప అవసరాన్ని తగ్గించే పని పెట్టుకున్నాడు. సురవరం పఠనం గ్రంథరచన వైపు నడిస్తే, వట్టికోట పఠనం గ్రంథాన్ని జనం వద్దకు చేర్చే వైపు నడిచింది.

ఈ విభజన అన్నిచోట్లా ఇంత సాఫీగా కుదరదు. సురవరం కూడా 1926 నుంచి గోలకొండ పత్రికను నడిపినవారే. పాఠకులను కూడగట్టడం ఆయన పనిలోనూ భాగం. పుస్తక విషయానికి ఏ పాత్రా లేదని వాదించడం నా ఉద్దేశం కాదు. ‘ఏం చదివారు’ అన్న ప్రశ్న పక్కన ‘ఎవరి దగ్గర, దేనికి బదులుగా, ఎంతసేపు’ అన్న ప్రశ్నలు చేరకపోతే ‘ప్రభావాలు’ అధ్యాయం పుస్తకాల జాబితాగానే మిగులుతుంది. స్త్రీల విషయంలో ఈ లోపం మరింత తీవ్రం. అన్నదమ్ముల పుస్తకాలు చాటుగా చదువుకున్న ఆడపిల్లలకు చెప్పుకోదగ్గ జాబితా ఎక్కడుంటుంది?

నిజామాబాదు జైల్లో దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాస్తే సిబ్బంది చెరిపేసేవారని, సహఖైదీగా ఉన్న ఆళ్వారుస్వామి వాటిని కంఠస్థం చేసి కాపాడారని చెప్పుకుంటారు. అక్కడ కాగితం లేదు, అరువిచ్చే ఇల్లూ లేదు. దాశరథి తన తొలి సంపుటి ‘అగ్నిధార’ను అంకితమిచ్చింది ఆయనకే.