కళింగ లెక్క: గెలిచినవాడి మాటలో ఓడినవారి చావులు

అశోక విజయదశమి వచ్చిందంటే మన సభల్లో కళింగ యుద్ధం మాట రాకుండా ఉండదు. 1956 అక్టోబర్ 14న, విజయదశమి రోజున, నాగపూర్‌లో బాబాసాహెబ్ ధమ్మదీక్ష తీసుకున్నారు కాబట్టి ఆ మాట రావాల్సిందే. అయితే అది వచ్చే తీరు ఎప్పుడూ ఒకటే. అశోకుడు యుద్ధం చేశాడు, శవాలను చూశాడు, కత్తి పారేశాడు, బుద్ధుని శరణు వేడాడు. నాలుగు ముక్కల్లో కథ అయిపోతుంది. వక్త తర్వాతి అంశానికి వెళ్లిపోతాడు. ఆ కథలో చచ్చిపోయిన కళింగులు రాజుగారి మనసు మార్చడానికి పనికొచ్చిన సామగ్రిగా మిగిలిపోతారు.

ఇలా చెప్పడం తప్పని నా అభిప్రాయం. ఎందుకు తప్పో తేలాలంటే యుద్ధాల గురించి రాసిన మూడు పాఠాలను పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి పుస్తకం, ఒకటి బండ, ఒకటి స్తంభం.

పుస్తకం ఎడ్వర్డ్ క్రీసీ రాసిన 'ప్రపంచంలోని పదిహేను నిర్ణాయక యుద్ధాలు'. 1851లో లండన్‌లో వచ్చింది. క్రీ.పూ. 490 నాటి మారథాన్‌తో మొదలై 1815 నాటి వాటర్‌లూతో ముగుస్తుంది. 'లోకాన్ని మార్చిన యుద్ధాలు' అంటూ ఈనాటికీ వస్తున్న పుస్తకాలకు, టీవీ కార్యక్రమాలకు దారి వేసిన పుస్తకాల్లో ఇది ముఖ్యమైనది. క్రీసీ న్యాయవాది, లండన్‌లో చరిత్ర ఆచార్యుడు. 1860లో సిలోన్‌కు ప్రధాన న్యాయమూర్తిగా వెళ్లాడు. అశోకుని కొడుకు మహిందుడు ధమ్మాన్ని తీసుకెళ్లాడని మన సంప్రదాయం చెప్పే ద్వీపం అదే.

క్రీసీ యుద్ధోన్మాది కాడు. యుద్ధం పట్ల విముఖత పెరగడం తన కాలానికి గౌరవమేనని ముందుమాటలోనే అంటాడు. ఒక సంఘటన నుంచి మరో సంఘటన ఎలా పుట్టిందో ఓపికగా విప్పి చెప్పగలడు. అది ఆ పుస్తకంలోని మంచి గుణం. చిక్కు ఆయన పెట్టుకున్న కొలతలో ఉంది. ఎంతమంది చచ్చారు, ఎంతమంది గాయపడ్డారు అన్నదాన్ని బట్టి యుద్ధానికి ప్రాధాన్యం రాదంటాడు. ఫలితం తారుమారై ఉంటే లోకచరిత్ర వేరే దారి పట్టేదా, లేదా అన్నదే ఆయన ప్రశ్న.

ఆ కొలతతో ఏరిన 15 యుద్ధాల్లో 13 యూరప్ నేలమీదో, దాని సముద్రంలోనో జరిగినవి. ఒకటి అమెరికాలోని సారటోగా. ఆసియాలో జరిగింది ఒక్కటే, ఆయన ఆర్బెలా అని పిలిచిన గాగమేలా. అక్కడా గెలిచింది అలెగ్జాండరే. భారతదేశంలో జరిగిన యుద్ధం ఒక్కటీ లేదు. కళింగం లేదని ఆయన్ని నిందించను. జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివి అప్పటికి 14 ఏళ్లే అయింది. జాబితాలో ఏది ఉంది, ఏది లేదు అన్నది చిన్న తగాదా. చావు లెక్కలోకి రానక్కర్లేదు, ఫలితం వస్తే చాలు అన్న ఆ కొలతే అసలు సమస్య.

ఇప్పుడు మన సభా ప్రసంగాన్ని మళ్లీ చూడండి. కళింగం ఎందుకు ముఖ్యం? అశోకుడు మారాడు కాబట్టి. ధమ్మం దేశాలు దాటింది కాబట్టి. అంటే మనమూ ఫలితంతోనే కొలుస్తున్నాం. మనకు తెలియకుండానే క్రీసీ తక్కెడ పట్టుకుని కూర్చున్నాం.

చావుల్ని లెక్కించిన పద్ధతులు లేకపోలేదు. క్రీసీ మొదటి అధ్యాయమైన మారథాన్‌నే తీసుకుందాం. ఏథెన్స్ వైపు 192 మంది, పర్షియన్ల వైపు 6,400 మంది చనిపోయారని హెరోడోటస్ రాశాడు. ఏథెన్స్ పౌరులను ఒక దిబ్బ కింద సమాధి చేసి, వారి పేర్లను తెగలవారీగా రాళ్లమీద చెక్కించారు. ప్లాటియా ఊరివారికి, బానిసలకు వేరే సమాధి ఉందని పౌసానియస్ అనే యాత్రికుడు తర్వాతి కాలంలో రాశాడు. బానిసలు మొదటిసారి యుద్ధం చేసింది అక్కడేనట. ఒకే మైదానంలో, ఒకే శత్రువుమీద పోరాడినవారికి చచ్చాక కూడా వేరే చోటు. మన ఊళ్లలో వేరే శ్మశానం తెలిసినవారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక బండ దగ్గరకు వద్దాం. అశోకుని 13వ శిలాశాసనం చూడటానికి మనం గిర్నార్ దాకా పోనక్కర్లేదు. కర్నూలు జిల్లాలో, గుత్తికి దగ్గరలో ఉన్న ఎర్రగుడి బండలమీద 14 శిలాశాసనాలూ ఉన్నాయి. ధమ్మాన్ని అనుసరిస్తున్న జనుల పేర్లు చెబుతూ ఆంధ్రులను కూడా పేర్కొన్నది ఈ 13వ శాసనమే.

పట్టాభిషేకమైన 8 ఏళ్లకు, అంటే సుమారు క్రీ.పూ. 261లో, కళింగాన్ని జయించినట్టు శాసనం మొదలవుతుంది. వెంటనే లెక్క వస్తుంది. లక్షన్నర మందిని అక్కడినుంచి తరలించుకుపోయారు. లక్షమందిని అక్కడే చంపారు. దానికి ఎన్నో రెట్లు జనం చనిపోయారు. ఈ వరుసను నిదానంగా చూడాలి. తరలించినవారి సంఖ్య ముందు వచ్చింది. రాజ్యానికి వారు పనిచేసే చేతులు. తర్వాత కత్తికి పడ్డవారు. చివర, యుద్ధం తెచ్చిన కష్టాలతో పోయినవారికి అంకె కూడా లేదు, 'ఎన్నో రెట్లు' అన్న మాట తప్ప. పైగా ఆ రెండు అంకెల పక్కనా 'మాత్ర' అన్న పదం ఉంది. సుమారుగా అని అర్థం. ఇది శవాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టిన పద్దు కాదు, ఏలికల అంచనా.

అయినా ఈ వాక్యం గొప్పది. గెలిచిన రాజులు తాము చంపినవారి సంఖ్యను రాళ్లమీద చెక్కించుకోవడం ప్రాచీన లోకంలో కొత్త కాదు. వారు దాన్ని ప్రతాపంగా చెక్కించుకున్నారు. అశోకుడు దాన్ని దుఃఖంగా చెక్కించాడు. జయించని దేశాన్ని జయించేటప్పుడు జనానికి కలిగే కీడును వధ, మరణం, అపవహం అని మూడుగా విడదీశాడు. చంపడం వేరు, చనిపోవడం వేరు, ఊరినుంచి ఈడ్చుకుపోవడం వేరు. లా చదివినవాడిగా ఈ విభజన నన్ను ఆపుతుంది. ఈనాటి నేరశాస్త్రం కూడా వీటిని వేర్వేరుగానే చూస్తుంది. అక్కడితో ఆగక, బ్రాహ్మణులు, శ్రమణులు, గృహస్థులు, పెద్దల మాట వినేవారు, సేవకులతో మంచిగా మెలిగేవారు కూడా హింసకు, ఎడబాటుకు గురయ్యారంటాడు. తాము క్షేమంగా ఉన్నా తమ మిత్రులకు, బంధువులకు ఆపద వచ్చినందువల్ల బాధపడేవారినీ గుర్తిస్తాడు. అందులో నూరోవంతు, వెయ్యోవంతు జరిగినా ఇప్పుడు తనకు అది భారమేనంటాడు. బతికి మిగిలినవారి దుఃఖాన్ని నష్టంగా నమోదు చేసిన గెలుపు శాసనం మరొకటి చూపించడం కష్టం.

కానీ మన ప్రసంగాలు ఇక్కడే ఆగిపోతాయి. శాసనం ఆగదు.

మొదటి సంగతి. పశ్చాత్తాపం చెప్పిన శాసనంలోనే అడవి జనాలకు హెచ్చరిక ఉంది. పశ్చాత్తాపపడుతున్నా దేవానాంప్రియునికి శక్తి ఉందని, సిగ్గు తెచ్చుకోకపోతే చంపబడతారని దాని సారం. రాజు జాలి వ్యవసాయ గ్రామాల అంచుదాకా వచ్చి అడవి దగ్గర నిలబడిపోయింది. ఈ వాక్యం ఆదివాసీ సోదరుల ముందు చదవాల్సివస్తే మనం ఏం చెబుతాం?

రెండోది. ఆయుధ విజయం మీద పూర్తి నిషేధం ఇందులో లేదు. కొడుకులు, మనవలు కొత్త విజయాలు కోరుకోవద్దంటాడు. ఒకవేళ జయించాల్సివస్తే క్షమ, తేలిక శిక్ష పాటించమంటాడు. చట్టం భాషలో ఇది మినహాయింపు. 'కత్తి పారేశాడు' అన్న మన వాక్యానికి ఈ పాఠంలో ఆధారం లేదు.

మూడోది అన్నిటికంటే పెద్దది. కళింగ నేలమీద, ఇప్పటి ఒడిశాలోని ధౌలి, జౌగడలలో, ఈ 13వ శాసనం లేదు. 11, 12, 13 శాసనాలను అక్కడ వదిలేసి వాటి బదులు రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించారు. తప్పు ఒప్పుకున్న మాట ఎర్రగుడిలో ఉంది, గిర్నార్‌లో ఉంది, వాయవ్యాన షాబాజ్‌గఢీలో ఉంది. ఎవరికి అన్యాయం జరిగిందో వారి ఊరి బండమీద లేదు.

రాజు సిగ్గుపడి దాచాడా, పాత గాయాన్ని రేపకూడదనుకున్నాడా? ఆయన మనసులోకి మనం దూరలేం. దాని బదులు ఏం రాయించాడో మాత్రం చూడగలం. తోసలి, సమాప పట్టణాల్లో న్యాయం చూసే మహామాత్రులకు ఆజ్ఞలు ఇచ్చాడు. ప్రజలందరూ తన బిడ్డలన్నాడు. కారణం లేకుండా మనిషిని బంధించడం, హింసించడం జరగకూడదన్నాడు. అసూయ, కోపం, తొందరపాటు, బద్ధకం ఉన్న అధికారి న్యాయం చేయలేడన్నాడు. దీన్ని నిర్ణీత రోజుల్లో చదివి వినిపించమని, ఐదేళ్లకోసారి పర్యటించి తనిఖీ చేయడానికి అధికారిని పంపుతానని చెప్పాడు. ఇవే శాసనాలు కర్ణాటకలోని సన్నతిలోనూ దొరికాయి కాబట్టి అవి కళింగులకే ప్రత్యేకమని అనలేం. అయినా ఓడిన దేశానికి కన్నీటి మాటకంటే అక్రమ నిర్బంధం మీద నిషేధం ఎక్కువ పనికొస్తుందని ఒప్పుకోవాలి. పోలీస్ స్టేషన్ బెంచీమీద రాత్రంతా కూర్చున్నవారికి ఈ తేడా తెలుసు.

ఇంత చేసినా ఒక ఖాళీ అలాగే ఉంది. తరలించిన లక్షన్నర మందిని వెనక్కి పంపమన్న ఆజ్ఞ ఈ శాసనాల్లో ఎక్కడా లేదు. కళింగాన్ని తిరిగి ఇచ్చిన మాటా లేదు. కోర్టు భాషలో చెప్పాలంటే నేరాంగీకారం ఉంది, ఇకముందు జాగ్రత్తకు ఏర్పాటు ఉంది, నష్టపరిహారం లేదు.

మూడో పాఠం పుణె దగ్గర కోరేగావ్ స్తంభం. 1818 జనవరి 1న సుమారు 800 మంది కంపెనీ దళం పీష్వా రెండో బాజీరావు సైన్యాన్ని రోజంతా నిలువరించింది. చనిపోయిన కంపెనీ సైనికుల పేర్లు స్తంభంమీద ఉన్నాయి. అందులో 'నాక్' అని ముగిసే 22 పేర్లు మహర్లవి. 1927 జనవరి 1న బాబాసాహెబ్ అక్కడికి వెళ్లారు. అప్పటినుంచి అది మన జ్ఞాపకం.

పాఠంగా చూస్తే ఆ స్తంభం కంపెనీ తన గెలుపుకోసం నిలబెట్టుకున్నది. పీష్వాల ఏలుబడిలో మహర్లు పడ్డ అవమానం గురించి అందులో ఒక్క మాట లేదు. ఆ సిపాయిలను పొగిడిన ప్రభుత్వమే 1890ల మొదట్లో మహర్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేసింది. మళ్లీ మహర్ రెజిమెంట్ ఏర్పడింది 1941లో. అంటే స్తంభం పొగడ్త హక్కుగా మారలేదు. అయినా దాన్ని కాదనలేం. ఎందుకంటే అక్కడ పేర్లున్నాయి. రాయించినవాడి ఉద్దేశం ఏదైనా, వంద ఏళ్ల తర్వాత ఆ పేర్లను చదివి తమవాళ్లని గుర్తుపట్టినవారు వచ్చారు. కళింగులకు ఆ భాగ్యం లేదు. లక్షమందిలో ఒక్కరి పేరూ మనకు తెలియదు.

ఇదంతా పాత రాళ్ల సంగతి అనుకోవద్దు. ఊళ్లో దళితవాడమీద దాడి జరిగితే మర్నాటి వార్తలో 'ఇరువర్గాల ఘర్షణ' అని రావడం మనకు కొత్త కాదు. యుద్ధం అన్న మాటలాగే ఘర్షణ అన్న మాట కూడా చంపినవారిని, చచ్చినవారిని సమానం చేసేస్తుంది. చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. అక్కడ పేర్లు ఉన్నాయి, లెక్క ఉంది, నేను చంపానని ఒప్పుకున్న గొంతు మాత్రం లేదు. కళింగంలో ఆ గొంతు ఉంది, పేర్లు లేవు. అశోకుని శాసనం ఈనాటికీ అరుదైనదే ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. అదొక్కటే చాలదని కూడా ఇక్కడే తెలుస్తుంది.

అందుకే వచ్చే అశోక విజయదశమికి సభ నడిపే ఉపాసకులకు ఒక మాట. నాలుగు ముక్కల కథ మానేసి 13వ శాసనాన్ని మొదటినుంచి చివరిదాకా తెలుగులో చదివించండి. అడవి జనాల వాక్యాన్ని దాటెయ్యకండి. అది చదివితే అశోకుడు చిన్నబోడు. తన తప్పును తానే చెక్కించుకున్న రాజును, ఆయన చెప్పని తప్పు గురించి అడిగే హక్కు ఆయన శాసనమే మనకు ఇచ్చింది. దేన్నైనా విన్నాక పరీక్షించమనే ధమ్మం మనది. వీలైతే సభ్యులను ఎర్రగుడికి తీసుకెళ్లి, ఆ బండ దగ్గరే చదివించండి. చదివాక పిల్లల్ని అడగండి: ఆ లక్షన్నర మందిని ఎక్కడికి తీసుకుపోయి ఉంటారు, వాళ్లు ఎవరి పొలాల్లో పనిచేసి ఉంటారు, వాళ్ల మనవలు ఏ కులంగా లెక్కకెక్కి ఉంటారు? జవాబు పుస్తకాల్లో దొరకదు. అయినా ఆ ప్రశ్న మన సభలో వినబడాలి.