దయ కాదు, తూకం కావాలి

ప్రభుత్వోద్యోగి మీద మనం రాసే కథలకు ఒక మూస ఏర్పడింది. అతను నిజాయితీపరుడు. ఆఫీసులో జరిగే దోపిడీని సహించలేక ఒక ఫైలు నకలు బయటికిస్తాడు. సస్పెండవుతాడు. ఇంట్లో భార్య కళ్లు తుడుచుకుంటుంది. పాఠకుడు 'అయ్యో' అంటాడు. ఈ 'అయ్యో' దగ్గరే నాకు అభ్యంతరం. చట్టం మీరి ప్రభుత్వం గుట్టు విప్పిన ఉద్యోగిని తేలికగా వదిలిపెట్టాలా అన్నది గట్టి ప్రశ్న. దానికి మన కథలు కన్నీటితో జవాబు చెబుతున్నాయి. కన్నీరు వాదం కాదు.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1923లో బ్రిటిష్ పాలకులు చేసిన అధికార రహస్యాల చట్టం వాళ్లతో పోలేదు. దేశ రహస్యం శత్రువుకు అమ్మినవాణ్నే కాదు, అనుమతి లేకుండా రహస్య పత్రాన్ని మరొకరి చేతికిచ్చిన ఉద్యోగిని కూడా అది నేరస్థుడిగానే చూస్తుంది. దానికి తోడు 1964 నాటి రాష్ట్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ఉంది. బడిపంతులుగా అది నాకూ వర్తిస్తుంది. ఈ పత్రిక చదివే రచయితల్లో చాలామందికి వర్తిస్తుంది. కాబట్టి ఇది ఎవరి గొడవో కాదు, మన గొడవే.

నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తు వైద్యుడు సుధాకర్ 2020 ఏప్రిల్‌లో డాక్టర్లకు మాస్కులు లేవని విలేకరుల ముందు అన్నాడు. ఆయన ఏ ఫైలూ దొంగిలించలేదు. అయినా సస్పెండయ్యాడు. మే నెలలో విశాఖ రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టడం లోకమంతా చూసింది. తాగి గొడవ చేశాడన్నారు పోలీసులు. హైకోర్టు విచారణను సి.బి.ఐ.కి అప్పగించింది. 2021 మేలో ఆయన చనిపోయాడు.

ఇలాంటి వైద్యుడు సాహిత్య విద్యార్థికి కొత్తవాడు కాడు. 1882లో ఇబ్సెన్ రాసిన 'ప్రజాశత్రువు' నాటకంలో డాక్టర్ స్టాక్‌మన్, తమ ఊరికి డబ్బు తెచ్చే స్నానఘట్టాల నీరు కలుషితమైందని చెబుతాడు. నగరాధ్యక్షుడైన సొంత అన్నే అడ్డుపడతాడు. సభ అతన్ని ప్రజాశత్రువని ప్రకటిస్తుంది. చివరికి అతను ఒంటరితనాన్నే బలంగా చెప్పుకుంటాడు. మన మూసకు మూలం ఇక్కడే ఉందనుకుంటాను. 1989లో సత్యజిత్ రాయ్ ఇదే నాటకాన్ని 'గణశత్రు'గా తీసినప్పుడు ముగింపు మార్చాడు. డాక్టరుకు మద్దతుగా బయట జనం గొంతు వినిపిస్తుంది. ఈ మార్పును కేవలం శిల్పపరమైనదిగా చూడలేం. అది దృక్పథంలో వచ్చిన మార్పు.

ఆ మార్పుకు జీవితంలో ఆధారం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. కరువు పనుల్లో మస్టరు రోలు ఆఫీసు సొత్తుగా ఉన్నంతకాలం అందులో చచ్చినవాళ్లు కూడా మట్టి మోయగలరు. 1994లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ బహిరంగ విచారణలు మొదలుపెట్టి ఆ కాగితాల నకళ్లు అడిగితే అధికారులు ఇవ్వమన్నారు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న మన జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ తర్వాత సామాజిక తనిఖీల్లో అవే మస్టర్లను ఊరి నడుమ చదివి వినిపించారు. తేలిన సొమ్మంతా వసూలు కాలేదన్నదీ నిజమే. కానీ నిన్న బయటపెడితే తప్పయిన కాగితం, ఇవాళ దాచిపెడితే తప్పయింది. కాగితం మారలేదు. అడిగే జనం వచ్చారు.

అంతమాత్రాన గుట్టు విప్పిన ప్రతివాడూ వీరుడు కాడు. రోగుల జాబితా బయటపెట్టినవాణ్నీ, టెండరు ధర కాంట్రాక్టరుకు చేరవేసినవాణ్నీ నేను వెనకేసుకు రాను. తూచవలసినవి మూడు. దాచింది ఎవరి మేలు కోసం? బయటపెట్టింది ఎవరి కోసం? దానివల్ల నష్టపోయింది బలవంతుడా, బలహీనుడా? ఇది గాలిమాట కాదు. దాచడం వల్ల కలిగే రక్షణ కంటే ప్రజా ప్రయోజనం పెద్దదైతే, రహస్యాల చట్టం ఉన్నా సమాచారం ఇవ్వవచ్చని సమాచార హక్కు చట్టంలోనే ఉంది. అడిగినవాడికి వర్తించే ఆ తూకం, అడగకముందే చెప్పిన ఉద్యోగి కేసులో ఎందుకు పనికిరాదు? అక్రమాలు బయటపెట్టేవారి రక్షణకు 2014లో చట్టమైతే చేశారు. దాన్ని అమలులోకి తెచ్చే ప్రకటన మాత్రం ఏళ్లు గడిచినా వెలువడలేదు.

దయ అంటే తప్పు ఒప్పుకొని తలవంచినవాడికి ప్రభువు వేసే బిచ్చం. ఈ ఉద్యోగికి కావలసింది అది కాదు. తానెందుకు చెప్పాడో కోర్టులో చెప్పుకునే హక్కు కావాలి, ఆ కారణాన్ని తూచే చట్టం కావాలి.

రచయితలకు నా మనవి ఒక్కటే. సస్పెన్షన్ ఆర్డరుతో కథ ముగించకండి. ఆ నకలు ఎవరి చేతికి వెళ్లింది, వాళ్లు దాన్ని ఏం చేశారు అన్నచోట కథ మొదలుపెట్టండి.