అరిగెడి రబ్బరు

ద్రాక్షపండు వాసనతో మా మనుమరాలిని మురిపించి, ఈ వారము గురజాల బజారునుండి మా యింటికి వచ్చిన గులాబిరంగు రబ్బరు, ఆమె లెక్కల పుస్తకములోని పెన్సిలు గీతను తుడువక పుటనిండ పులిమి, మరల రుద్దగనే కాగితమును చించివైచినది. పలకయందు నాకు గల పక్షపాతమును ఈ శీర్షిక చదువరులు చిరకాలముగ సహించుచున్నారు. మరియొకమారు సహింతురు గాక.

మార్కాపురపు పలకలతో మేము చదువుకొన్న దినములలో తుడుచుటకు తడిగుడ్డ చాలెడిది. అయినను చేతి జిడ్డంటి పలక నున్ననై బలపము జారసాగినపుడు, పెరటి పాదునుండి దొండాకులు కోసి తెచ్చి, బొగ్గుపొడి చేర్చి, ఆకుపచ్చని పసరు నల్లని ముద్దయగువరకు పలకపై రుద్ది, ఆరబెట్టి, నీళ్ళతో కడిగెడివారము. కడిగిన పలకపై బలపము మరల గరగరమని పట్టెడిది. వ్రేళ్ళకంటిన పసరు వాసన అన్నము తినువేళకును వదలెడిది కాదు. పైసా ఖర్చులేని ఆ పెరటి విద్యయెదుట రబ్బరు ఏపాటిదని వ్రాయనెంచితిని.

కాని రబ్బరు కథయు తక్కువది కాదు. ఐరోపావారు రొట్టెముక్కతో గీతలు తుడుచుకొనుచుండగా, అందులకు తగిన పదార్థమొకటి లండనులో నెయిర్న్ అను పరికరముల వర్తకునివద్ద దొరకుచున్నదని 1770లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రీస్ట్లీ వ్రాసెను. ఎండకు జిగటయై చలికి బిరుసెక్కెడి ఆ పచ్చిరబ్బరును 1839లో అమెరికావాడైన గుడ్‌ఇయర్ గంధకముతో వేడిచేసి నిలకడ పరచెను. అయితే మిక్కిలి గట్టిపడిన రబ్బరు తుడుపునకు పనికిరాదు: పెన్సిలు నలుపు తనకంటగనే పొట్టుగా రాలి, క్రొత్తముఖము చూపునదే మంచి రబ్బరు, రాలనిది ఆ నలుపునే తిరిగి కాగితమునకు పూయును. అందుచేతనే గంధకముతో ముద్దగట్టించిన నూనెను అందు కలుపుదురు. సిరాను గీకవలసినదానికి అగ్నిపర్వతపు నురుగురాతిపొడి చేర్తురు.

నేటి తెల్లని తుడుపుముక్కలలో పెక్కింటియందు రబ్బరే లేదు. ఉన్నది మెత్తపరచిన పి.వి.సి. ప్లాస్టిక్కు, సున్నపురాతిపొడి. దాచేపల్లి నేలక్రింద పరచుకొని పిడుగురాళ్ల బట్టీలలో కాలెడి రాతిజాతియే యది! కాగితమును నొప్పింపక తుడుచుటలో దానిని మించినది నాకు కానరాలేదు. నోటుపుస్తకము పట్టిన పిల్లలకు, రంగును వాసనయు లేని ఆ తెల్లముక్కనే కొనిపెట్టవలెనని పలకను ప్రేమించు నేనే చెప్పుచున్నాను. దాని అట్టతొడుగును మాత్రము తీసివేయరాదు. మెత్తదనమునకై కలిపిన ద్రవము మెల్లగా ఊరి ప్లాస్టిక్ స్కేలును కరగించును, పిదప రెండును అతుకుకొని ఊడిరావు.