మొదటి పావు తిప్పు

మార్చి దాటిందంటే నల్లగొండ జిల్లాలో అటకల మీది కూలర్లు కిందికి దిగుతాయి. నార్కట్‌పల్లిలోనూ రిపేరు దుకాణాలకు అదే సీజను. మోటారు కాలిందంటే మార్చడం పెద్ద పనేం కాదు, ఇరుసు మీంచి రెక్క ఊడిరావాలి, అంతే. ఆ రెక్కను పట్టుకునేది బియ్యపు గింజంత గ్రబ్ స్క్రూ. తుప్పుపట్టి, పైన బోరునీళ్ల ఉప్పు పేరుకుని అది కదలనంటుంది. పిల్లల రేసు బొమ్మకార్ల చక్రాల్లో, కుట్టు మిషన్లలో ఉండేవీ ఈ జాతివే. అరవై ఐదో నంబరు హైవే మీద లారీ చక్రం నట్టు మొండికేస్తే పానాకు బారెడు పైపు తొడగొచ్చు. దీనికి బలం పెడితే లోపలి మూలలు అరిగిపోతాయి. ఇక తిప్పడానికి పట్టు దొరకదు.

పని తెలిసిన మెకానిక్ చేయి ముందు సూది మీదికి పోతుంది. స్క్రూ గుంతలోని మట్టి, తుప్పు గీకి తీస్తేనే ఎలెన్ కీ అడుగుదాకా దిగుతుంది. సగం దిగిన కీని తిప్పడం వల్లే సగం స్క్రూలు పాడవుతాయని నా నమ్మకం. కీ కొలత కూడా ముఖ్యం. 3 మిల్లీమీటర్ల గ్రబ్ స్క్రూకు 1.5 మిల్లీమీటర్ల కీ పడుతుంది. అంగుళాల లెక్కలో చేసిన సామానుకు అంగుళంలో పదహారో వంతు, అంటే సుమారు 1.59. తేడా పిసరంతే. కానీ చిన్న కీ పెద్ద గుంతలో జారడానికి ఆ పిసరు చాలు. కీ కొస అరిగితే పారేయక్కర్లేదు. సానరాయి మీద కొస కాస్త అరగదీస్తే కొత్త అంచులొస్తాయి.

తర్వాత నూనె. గ్యాస్‌నూనో డీజిలో చుక్క వేసి రాత్రంతా వదిలేస్తారు. పొద్దున కీ పెట్టి, దాని మీద చిన్న సుత్తెతో నాలుగు దెబ్బలు. తుప్పు పెళుసు, అదురుకు పగులుతుంది. అప్పుడు కూడా విప్పే వైపు కాదు, ముందు వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పుతారు. ‘టక్’మన్నాక వెనక్కి. ఆ మొదటి పావు తిప్పులోనే పనితనమంతా ఉంది. పావు తిప్పు వచ్చిందని గబగబా లాగేస్తే తుప్పు పొడి చూడీలో ఇరుక్కుని మళ్లీ పట్టేస్తుంది. ముందుకీ వెనక్కీ ఆడిస్తూ రావాలి.

అప్పటికీ రాకపోతే వేడి. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కాబట్టి అల్యూమినియం రెక్క బుష్షును సోల్డరింగ్ ఐరన్‌తో కాలిస్తే స్క్రూ కంటే రంధ్రమే ఎక్కువ పెద్దదవుతుంది. కంపెనీలో ఎర్ర లాక్‌టైట్ జిగురు పూసి బిగించి ఉంటే మాత్రం ఇంకా కాల్చాలి, సుమారు 250 డిగ్రీలకు గానీ అది మెత్తబడదు. ప్లాస్టిక్ రెక్కకు ఈ వైద్యం చేయొద్దు!

బైకుల బ్రేకు ఆయిల్ డబ్బా మూత స్క్రూల కథ వేరు. 1936లో పేటెంట్ పొందిన ఫిలిప్స్ స్టార్ తలకు పుట్టుకతోనే ఒక గుణముంది, బలం పెరిగితే డ్రైవర్ పైకి జారుతుంది. జపాన్ బండ్ల స్టార్ స్క్రూ చూడటానికి ఇలాగే ఉన్నా గుంత కొలత వేరు. చాలావాటికి తల మీద చిన్న చుక్క గుర్తుంటుంది. రెంటికీ ఒకే డ్రైవర్ వాడి తల అరగ్గొట్టుకుంటాం. అక్కడ ఇంపాక్ట్ డ్రైవరే దిక్కు. సుత్తె దెబ్బకు అది స్క్రూను నొక్కుతూనే తిప్పుతుంది.

గడియారాల వాళ్ల చిట్కా నాకు అన్నిటికన్నా ఇష్టం. ఇత్తడి ప్లేటులో ఉక్కు స్క్రూ విరిగితే, మిగతా ఉక్కు భాగాలన్నీ తీసేసి ప్లేటును వేడి పటిక నీళ్లలో నానబెడతారు. ఉక్కు మెల్లగా కరిగిపోతుంది, ఇత్తడి చెక్కుచెదరదు. తాగునీటిలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్ నీరి సంస్థ రూపొందించిన ‘నల్లగొండ టెక్నిక్’లోనూ పటికే ప్రధానం. మన జిల్లాకు పటికతో రుణం గట్టిదే. 

ఒక్క స్క్రూకు వంద రూపాయలా అని బేరమాడేవాళ్లుంటారు. అది విరిగితే డ్రిల్ చేయించి కొత్త చూడీ కోయించడానికి లేత్ షాపుకు పోవాలి, లేదా రెక్కే కొత్తది కొనాలి. అడిగినంత ఇవ్వండి. బిగించే ముందు చూడీకి చుక్క గ్రీజు రాయమని కూడా చెప్పండి.