సుగ్గి, కువైట్, సాఫ్ట్‌వేర్ : రాయలసీమ వలస కథావిమర్శలో తెగిన లంకె

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, ముఖ్యంగా కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం ప్రాంతాల్లో, వానలు ముఖం చాటేసిన ఏడు కుటుంబాలకు కుటుంబాలే మిరపకోతలకు గుంటూరు దిక్కుకు తరలిపోతాయి. దీనిని అక్కడివారు సుగ్గికి పోవడం అంటారు. పాత కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి ఆడవారు ఇంటిపనులకు, మగవారు డ్రైవర్లుగా కువైట్ వెళతారు. ఇంజనీరింగ్ ముగించిన పిల్లలు హైదరాబాదులోని అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకూ, బెంగళూరుకూ, వీలు చిక్కితే అమెరికాకూ పోతారు. ఈ మూడు ప్రయాణాలూ ఒకే గడప నుంచి మొదలు కావడానికి ఆస్కారముంది. తెలుగు సాహిత్యవిమర్శ మాత్రం మొదటిదానిని కరువు కథగా, రెండవదానిని వలస కథగా, మూడవదానిని డయాస్పోరా కథగా పేర్కొని మూడు వేర్వేరు అరల్లో సర్దిపెట్టింది. సాంకేతిక పరిశ్రమలోని అప్పు, కులం, ఉద్యోగ అభద్రత వంటి ప్రశ్నలు సీమ సాహిత్యచర్చలో చోటు దక్కించుకోలేకపోవడానికి ఈ సర్దుబాటే ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

వర్గీకరణ తప్పు కాదు; విమర్శకు అది అవసరం కూడా. అయితే ఇక్కడ విభజనకు ఆధారమైనది కథలోని జీవితం కాదు, వలస వెళ్లిన వ్యక్తి చేతిలోని పట్టా. సుగ్గికి పోయేవాడికి మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు; ఆ అడ్వాన్సు తీరేదాకా అతని కాయకష్టం మేస్త్రీదే. కువైట్ పోయేవారికి ఏజెంటు వీసా తెస్తాడు. అక్కడ నివాసానుమతి యజమానితో ముడిపడి ఉంటుంది. అమెరికాలో హెచ్-1బి వీసాపై ఉన్న ఉద్యోగి ఉనికి కూడా యాజమాన్య సంస్థతోనే ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే కొత్త సంస్థను వెతుక్కోవడానికి, లేదా దేశం విడిచిపోవడానికి అతనికి దక్కే గడువు గరిష్ఠంగా 60 రోజులు. జీతాల్లో, జీవనస్థాయిలో ఈ ముగ్గురి మధ్య ఉన్న తేడా అపారం. దానిని చెరిపివేయడం అన్యాయమవుతుంది. కానీ నిర్మాణంలోని పోలికను చూడకపోవడం అంతకన్నా పెద్ద లోపం. ఒకరిని కూలి అనీ, మరొకరిని ప్రవాసి అనీ పిలిచే భాషాభేదంలోనే వర్గదృష్టి దాగి ఉంది.

ఈ పోలికను సాహిత్యవిమర్శ కన్నా ముందు మానవశాస్త్రం గుర్తించింది. షియాంగ్ బియావ్ 2007లో ప్రచురించిన 'గ్లోబల్ బాడీ షాపింగ్' హైదరాబాదు, సిడ్నీ నగరాల్లోని తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులపై చేసిన క్షేత్రపరిశోధన. ప్రాజెక్టు దొరికేదాకా జీతం లేకుండానో, నామమాత్రపు జీతంతోనో ఉద్యోగిని 'బెంచి' మీద కూర్చోబెట్టే కన్సల్టెన్సీల గొలుసును ఆ గ్రంథం వివరంగా చూపింది. వ్యవసాయపు మిగులు, వరకట్నం ఈ పరిశ్రమకు అవసరమైన మనుషులను తయారుచేసే పెట్టుబడిగా మారిన తీరు అందులోని కీలకాంశం. అయితే ఆ మిగులు ప్రధానంగా కోస్తా మాగాణిది. వేరుశనగ మీద, గొర్రెల మీద, బోరుబావి మీద బతికే మెట్ట సీమలో మిగులన్నదే అరుదు. అక్కడ ఇంజనీరింగ్ సీటు వెనుక ఉన్నది చాలాచోట్ల అప్పు. ఆ అప్పు ఎలా పుట్టింది, ఎవరి పేర రాశారు, ఏ పొలం తాకట్టులో ఉంది అన్నవి కథకుడు తప్ప మరొకరు చెప్పలేని విషయాలు.

ఆ కథ పాక్షికంగానైనా చెప్పిన నవల సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'. తానా బహుమతి పొంది 2019లో వెలువడిన ఈ నవలను విమర్శకులు ఎక్కువగా పర్యావరణ నవలగా, గొర్రెల కాపరుల వృత్తిజీవిత నవలగా చదివారు. రెండూ సమంజసమే. కరువుకాలంలో మందలను నల్లమలకు తోలుకుపోయే కాపరుల విజ్ఞానం, కడప పలుకుబడి అందులో దట్టంగా ఉన్నాయి. కానీ కథానాయకుడు రవి ఎవరు? ఇంజనీరింగ్ చదివి, నగరంలో ఉద్యోగం దొరకక ఊరికి తిరిగివచ్చిన యువకుడు. అంటే కొండపొలానికి దారి పట్టించింది కరువొక్కటే కాదు, సాఫ్ట్‌వేర్ పరిశ్రమ తిరస్కారం కూడా. ఈ కోణంలో చదివితే 'కొండపొలం' తెలుగులో వచ్చిన ముఖ్యమైన సాఫ్ట్‌వేర్ నవలల్లో ఒకటి. ఉద్యోగం దొరకనివాడి వైపు నుంచి రాసిన సాఫ్ట్‌వేర్ నవల. డయాస్పోరా కథల్లో ఈ పాత్ర కనిపించదు, ఎందుకంటే అతడు విమానం ఎక్కలేదు. కరువు కథల్లోనూ కనిపించడు, ఎందుకంటే అక్కడ చదువుకున్న కొడుకు సాధారణంగా బస్సు ఎక్కగానే కథలోంచి తప్పుకుంటాడు.

నవల బలం అతని అవమానాన్ని ఇంటి ఆర్థికస్థితిలో నిలబెట్టడంలో ఉంది. తండ్రికి గొర్రె ఆస్తి. కొడుకు చదువు కూడా ఆస్తే. ఒకటి మేత లేక చిక్కిపోతుంటే రెండవది కొలువు లేక చిక్కిపోతోంది. ఇంత బలమైన ప్రశ్న వేసిన నవల సమాధానం దగ్గర దారి మార్చుకుంది. నగరంలో రవిని వెనక్కి నెట్టినవి ఇంటర్వ్యూ గదిలోని భాష, మాటతీరు, ఆ గదికి చేర్చే పరిచయాలు. అడవి అతనికి నేర్పింది ధైర్యం. ధైర్యం భయానికి విరుగుడే గాని వివక్షకు విరుగుడు కాదు. నవల ఈ రెంటినీ ఒకటిగా భావించడంతో పరిశ్రమపై ఎక్కుపెట్టిన ప్రశ్న వ్యక్తిత్వవికాసంలోకి ఒదిగిపోయింది. 2021లో వచ్చిన సినిమా ఆ ఒదుగుబాటును మరింత స్థిరపరచింది. అయినా ఈ లోపాన్ని రచయిత ఒక్కరికే అంటగట్టడం సరికాదు. అటువంటి ప్రశ్నను కొనసాగించడానికి అవసరమైన చర్చ సీమ సాహిత్యరంగంలో అప్పటికి లేదు.

చర్చకు సామగ్రి మాత్రం కొదవ లేదు. 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం తొలి మూడు ప్రాంగణాల్లో ఒకటి కడప జిల్లా ఇడుపులపాయలో ఉంది. పదవ తరగతి మార్కులతో ప్రవేశం, ఆరేళ్ల చదువు, ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకు అదనపు పాయింట్లు అన్నవి గ్రామీణ విద్యార్థిని ఉద్దేశించి చేసిన ఏర్పాట్లు. దాని తొలి కులపతి రాజ్ రెడ్డి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న కంప్యూటర్ శాస్త్రవేత్త. ఇటువంటి విజయగాథలు పత్రికల్లో తరచూ వస్తాయి. అదే తరగతి గదిలో కూర్చుని 'కొండపొలం' రవిలా తిరిగివచ్చిన విద్యార్థి గురించి రాసిన కథలను వెతుక్కోవలసి వస్తుంది.

కులం విషయంలో మౌనం మరింత చిక్కనిది. సిస్కో సంస్థలో ఒక దళిత ఇంజనీరుపై కులవివక్ష జరిగిందన్న ఆరోపణతో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ 2020 జూన్‌లో దావా వేసింది. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన ఇటువంటి బిల్లును గవర్నరు అదే ఏడాది అక్టోబరులో తిరస్కరించారు. ఈ వివాదంలో ప్రవాస భారతీయులు రెండు శిబిరాలుగా చీలిపోయి వాదించారు. తెలుగు దళిత సాహిత్యం ఊరి బావినీ, గుడినీ, బడినీ మూడు దశాబ్దాలకు పైగా ప్రశ్నిస్తూ వచ్చింది. కంపెనీ క్యాంటీనులో ఇంటిపేరు అడిగే ప్రశ్న ఊళ్లో 'మీరేమిట్లు' అని అడిగే ప్రశ్నకు కొనసాగింపే. ఆ కొనసాగింపును చూపే కథ వచ్చినా, దానిని డయాస్పోరా అరలో పెడితే పరాయితనపు కథగా, ఇంటిమీద బెంగ కథగా చదివే ప్రమాదం ఉంది.

రాయలసీమ రాజకీయ చర్చ కూడా ఈ లంకెను పట్టించుకోలేదు. 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక నీళ్ల గురించి, విశ్వవిద్యాలయ కేంద్రం గురించి, రాజధాని, హైకోర్టుల గురించి మాట్లాడింది. సీమ అస్తిత్వ సాహిత్యం నేటికీ ప్రధానంగా ఆ పదజాలంతోనే నడుస్తోంది. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక సీమ యువత చెమట ఎక్కడ విలువగా మారుతోందన్న ప్రశ్నకు ఆ పదజాలం చాలదు. పాత కర్నూలు జిల్లాలోని గని, శకునాల గ్రామాల్లో దాదాపు ఆరువేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు వచ్చింది. 2025 అక్టోబరులో గూగుల్ భారీ డేటా సెంటరును ప్రకటించింది విశాఖపట్నంలో. ఒకదాని కరెంటు మరొకదానికి పోతుందని ఇక్కడి ఉద్దేశం కాదు. భూమి ఇచ్చే చోటు, కొలువు దొరికే చోటు వేరు కావడం సీమకు కొత్త కాదని మాత్రమే.

సీమ కథాసంకలనాలు ఎంపిక చేసేవారి ముందు ఒక చిన్న పరీక్ష ఉంది. కడప యువకుడు డాలస్‌లో ఉద్యోగం పోగొట్టుకుని అరవై రోజులు లెక్కపెట్టుకుంటున్న కథ ఒకటి చేతికి వచ్చిందనుకుంటే, అందులో ఒక్క ఎండిన బోరుబావి కూడా లేకపోతే, దానిని సీమ కథగా స్వీకరిస్తారా? అతని తండ్రి బ్యాంకులో తాకట్టు పెట్టిన మెట్టపొలం పత్రం ఆ కథలో ఒక్క వాక్యంగానైనా ఉంటే స్వీకరించడానికి అడ్డేమీ ఉండకూడదు.