నీతికి సాక్షి యెవరు?

దైవభయము లేనిచో నీతి నిలువదను మాట మన యిండ్లలో తఱచుగా వినవచ్చుచుండును. బిడ్డ బొంకినచో కన్నులు పోవునని బెదరింతుము. ఇది నీతిబోధయా, లేక నీతికి బదులుగా మన మొసగుచున్న పిఱికితనమా? ఈ విచారమునకు గోరా యాంగ్లమున రచించిన ‘యాన్ ఏథీస్ట్ విత్ గాంధీ’ యను చిన్న గ్రంథము మిక్కిలి తోడ్పడును. దీనిని 1951లో అహమ్మదాబాదు నవజీవన సంస్థవారు ప్రకటించిరి.

గోరా యని ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు (1902-1975) వృక్షశాస్త్రోపాధ్యాయులు. నాస్తికులగుటచే 1933లో కాకినాడలో నుద్యోగమును గోల్పోయిరి. 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును నెలకొల్పిరి. 1944లో సేవాగ్రామమున గాంధీమహాత్ముని గలిసికొనిరి. నాటినుండి వారిరువురకు జరిగిన సంభాషణలే యీ గ్రంథమునకు వస్తువు.

గ్రంథకర్తగారి వాదము సూటియైనది. దేవుడు, కర్మ యను నమ్మకములు మనుష్యుని పరాధీనుని జేయును; అణగద్రొక్కబడినవాడు తన హీనతను విధికృతమని సహించును; ఆ నమ్మకము తొలగినగాని సమత్వము కలుగదు. ఇందు సత్యము లేకపోలేదు. కాని యీ వాదమును వినుచు నెదుట గూర్చున్న మహాత్ముడే దీనికి ప్రత్యుదాహరణము. ఆయన భగవంతుని నమ్మెను. అస్పృశ్యతతో జీవితాంతము పోరాడెను. నమ్మకమాయనను సోమరిని జేయలేదు. మఱి నాస్తికునకు నీతి యుండదను మన పెద్దల మాటకో, గోరాగారే ప్రత్యుదాహరణము. నమ్మినట్లు నటించి జీతమును గాపాడుకొనుట వారికి సులభమే, వారట్లు చేయలేదు. ఇరువురును ఒకరి సిద్ధాంతమునకు మఱియొకరు సజీవమైన ఖండనము. గ్రంథకర్తగారు దీనిని చాలినంతగా గుర్తింపకపోవుటయే మాకు దోచిన లోపము.

ఈశ్వరుని విడిచియు ధర్మమును జెప్పవచ్చునని మనవారెఱుగనిది కాదు. కుమారిలభట్టు సృష్టికర్తను నిరాకరించియే ధర్మమును స్థాపింపబూనెను. కాని యతడు వేదమును విడువలేదు. అతనికి ధర్మము విధివాక్యముచే దెలియవలసినది. గోరాగారికి తోడి మనుష్యుని మొగము చూచి తెలిసికొనవలసినది. ఈ భేదము చిన్నది కాదు.

గ్రంథమునందెల్ల మేలైన ఘట్టము వివాహప్రసంగము. గోరాగారు తమ పెద్దకుమార్తెను, అస్పృశ్యమని పిలువబడిన కులమున బుట్టిన యువకున కిచ్చి పెండ్లి చేయ నిశ్చయించిరి. మహాత్ముడు దీనికి సమ్మతించి, పెండ్లిప్రమాణమున దేవుని పేరునకు మాఱుగా సత్యము పేరు వాడుట కంగీకరించెను. ఇది నాస్తికుని విజయమని కొందఱందురు. అది పొరపాటు. దేవుడే సత్యమను మాటను మార్చి సత్యమే దేవుడని తాననుచున్నట్లు మహాత్ముడు 1931లోనే లోసాన్ నగరమున వివరించియుండెను. ఆయన తన విశ్వాసమును విడువలేదు. ఎదుటివాని నోట దానిని బలవంతముగా బలికింపలేదు. 1948 జనవరిలో ఆయన హతుడయ్యెను. ఆ మార్చిలో సేవాగ్రామమున నా వివాహము జరిగెను.

ఒక్క మాట నాస్తికమిత్రులకును జెప్పవలసియున్నది. దైవభయమును ద్రోసివేసినంతమాత్రమున నీతి దానంతట మొలవదు. ఆ సాక్షి పోయినచోట మఱియొక సాక్షి నిలువవలయును. మన చేతలచే బాధపడువాడే యా సాక్షి. అతనికి జవాబు చెప్పుకొనలేని నాస్తికత్వము వట్టి స్వేచ్ఛ. చెప్పుకొనలేని భక్తి వట్టి ఆచారము.

కావున చదువరులు తమ యింట దేవునిగది యున్నదా లేదా యని వెదుకుటకు ముందు, వంటయింటిలో పనిమనిషికై వేఱుగా నుంచిన గ్లాసు ఉన్నదేమో చూచుకొందురుగాక. అది యున్నంతవఱకు ఆస్తికగృహమైనను నాస్తికగృహమైనను నీతి వాకిటనే నిలిచియుండును.