వంత పాడేవాళ్లు కావాలి

నాచారంలో ఒక ఫ్రెండ్ వాళ్ల ఫ్లాట్‌లో నెల తేడాతో రెండు హౌస్ కాన్సర్ట్‌లు విన్నాను. మొదటిది గిటార్. పాతికేళ్ల కుర్రాడు, పాటలు తనే రాసుకుంటాడు, తనే పాడతాడు. సోఫాలు బెడ్‌రూమ్‌లోకి తోసేసి హాల్లో జంపఖానాలు పరిచారు. మైక్ లేదు. మొదలయ్యే ముందు మా ఫ్రెండ్ మూడు రూల్స్ చెప్పాడు: ఫోన్లు సైలెంట్, మాటలు వద్దు, చప్పట్లు పాట అయ్యాకే. ఫ్యాన్ కూడా ఆపేశాడు. తీగ మీద వేలు జారే చప్పుడు దాకా వినబడింది. చాలా బాగుంది. తిరిగి వెళ్తూ హబ్సిగూడ మెట్రో దాకా ఆ నిశ్శబ్దం గురించే మాట్లాడుకున్నాం.

రెండోది పల్లెపాట. జనగామ వైపు నుంచి బస్సులో వచ్చి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర దిగిన గాయకుడు, ఆయన వెంట డప్పుతో ఒక దోస్తు. అదే హాలు, అవే రూల్స్. ఆయన పల్లవి ఎత్తుకుని ఆగాడు. మేం బుద్ధిగా కూర్చున్నాం. మళ్లీ ఎత్తుకుని ఆగాడు. పాటలో అదొక అందమైన విరామం అనుకున్నాం. మూడోసారి, వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న మా ఫ్రెండ్ వాళ్లమ్మ అందుకుంది. ఆ పాట ఆమెకు ముందు తెలీదు. రెండుసార్లు విన్నది, చాలింది. అప్పుడు గానీ ఆయన చరణంలోకి పోలేదు.

మేం మర్యాద అనుకుని చేసిన పని ఆ పాటకు అడ్డం పడింది. ఎందుకలా జరిగిందో ఆలోచిస్తుంటే ఇది మా ముప్పై మంది సిగ్గుకి సంబంధించిన విషయం మాత్రమే కాదనిపించింది.

హౌస్ కాన్సర్ట్ పద్ధతి అమెరికాలో ఫోక్, కంట్రీ గాయకుల చుట్టూ పెరిగింది. తాగుతూ, అరుచుకుంటూ ఉండే బార్‌లో ఒంటి గిటార్‌తో పాడేవాడి మాట ఎవరికీ వినబడదు. అందుకని ఎవరో ఒకరు తమ ఇంటి హాలు ఇస్తారు. ఇరవై నుంచి యాభై మందిని పిలుస్తారు. వచ్చిన డబ్బంతా గాయకుడికే ఇస్తారు, భోజనం పెడతారు, చాలాసార్లు రాత్రికి పడక కూడా. అక్కడి నిశ్శబ్దం బార్ గోలకి జవాబు. తన ఒంటరితనాన్ని తనే రాసుకుని పాడేవాడికి అది సరిపోతుంది కూడా.

మన పాట పుట్టుక వేరు. బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ కథకుడు, అటొకరు ఇటొకరు వంత. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. షేక్ నాజర్‌ని తల్చుకుంటాం గానీ, పక్కన ఆ ఇద్దరూ లేకపోతే నాజర్ కథకి ఊపిరి ఎక్కడిది? ఒగ్గు కథలోనూ అంతే. 2017లో పోయిన చుక్క సత్తయ్య గొంతు గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు. ఆ గొంతు ఆగిన చోట అందుకునే గొంతులూ, డోలూ కూడా కథలో భాగమే. గద్దర్ ఒక్కడే వేదిక మీద ఆడుతున్నట్టు మనకు గుర్తుంటుంది. ఆ పాటలు కట్టిందే జననాట్యమండలి కోరస్ కోసం, ఎదురుగా ఉన్న జనం కోసం.

‘వంత పాడటం’ అనే మాటకి మన భాషలో చెడ్డపేరు వచ్చింది. ఫలానావాడు వంత పాడుతున్నాడంటే భజన చేస్తున్నాడని అర్థం. కథలో వంతవాడు చేసే పని అది కాదు. కథకుణ్ని అడ్డుకుంటాడు, ప్రశ్నిస్తాడు, వెక్కిరిస్తాడు, మనం అడగాల్సింది మన తరఫున అడుగుతాడు. వాడి నోరు మూయిస్తే కథ సగమే మిగులుతుంది.

సాహిత్యం వైపు నుంచి చూసినా ఇదే చిక్కు. ‘సింగర్-సాంగ్‌రైటర్’కి కొత్త మాట వెతుక్కోనక్కర్లేదు, వాగ్గేయకారుడు ఉండనే ఉన్నాడు. త్యాగరాజుకి వాడిన ఆ మాటని గద్దర్‌కీ, గోరటి వెంకన్నకీ, అందెశ్రీకీ వాడటం తెలంగాణ సాధించుకున్న ఒక గెలుపు. ‘వల్లంకి తాళం’కి 2021 సాహిత్య అకాడమీ అవార్డు రావడంతో పాటకి కవిత్వం పక్కన కుర్చీ దొరికింది. సంతోషమే. అయితే అచ్చులో మనం చదివేది వాగ్గేయకారుడి మాటల్నే. పల్లవి తర్వాత ఆయన మనకోసం వదిలిపెట్టిన జాగా పేజీ మీద కనబడదు. నా మట్టుకు నేను పల్లవి తిరిగొచ్చిన ప్రతిసారీ ‘ఇదే కదా’ అని కళ్లు దాటేసి చదివేదాన్ని. ఆ రాత్రి నాచారంలో, అదే పల్లవి ఒక్కో చరణం తర్వాత ఒక్కో బరువుతో తిరిగి రావడం విన్నాను. మొదటిసారి ఎకసెక్కం, మూడోసారి ఏడుపు. మాట మారలేదు. పాడుతున్న మేం మారాం.

గదిలో వినడం వల్ల లాభం లేదని కాదు. మీటింగుల్లో పెద్ద స్పీకర్ల కింద పాట నినాదమైపోతుంది, క్రియాపదాలు సగం గాలికి పోతాయి. గదిలో ప్రతి మాటా చెవికి అందుతుంది. మూడో పాటకి, ఎండిన చెరువు మీద కట్టిన పాటకి, ఆయనే చెయ్యెత్తి ‘ఇది వినుండ్రి’ అన్నాడు. డప్పు పక్కన పెట్టించాడు. మేం కదల్లేదు. కాబట్టి నిశ్శబ్దం ఉండొచ్చు, దాన్ని అడిగే హక్కు మాత్రం గాయకుడిది. ముందే రూల్స్ చదివి వినిపించే హోస్ట్‌ది కాదు.

అయితే ఆ పద్ధతి నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఇంటి దగ్గర పాట పాడించుకోవడం మనకేం కొత్త కాదు. మల్లన్న పట్నాలు వేస్తే ఒగ్గువాళ్లు ఇంటికే వస్తారు. చిందువాళ్లు, డక్కలివాళ్లు తమకు కట్టుబడ్డ కులాల వాడలకి తరాలుగా వచ్చారు. మరి ఎక్కడ కూర్చున్నారు, ఎక్కడ తిన్నారు? డక్కలివాళ్లు కథ చెప్పేది మాదిగలకు, ఉండేది మాత్రం ఆ వాడకీ అవతల. పాట లోపలికి వచ్చింది, పాడిన మనిషి వాకిట్లోనే ఉండిపోయాడు. ఇచ్చిన దాన్ని త్యాగం, కట్నం అన్నాం, కూలి అనలేదు. ముందు తలుపు తీసి, హాల్లో కూర్చోబెట్టి, అందరితోపాటు అదే ప్లేటులో అన్నం పెట్టి, లెక్క చెప్పి డబ్బు ఇవ్వడం చిన్న విషయంగా కనబడుతుంది గానీ, మన సంప్రదాయం చెయ్యని పని అదే.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. కిన్నెర మొగులయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది, అంతకుముందే సినిమా పాటా వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పనికి పోతున్నారని వార్తలు చదివాం. అవార్డు ఒక్కసారి వస్తుంది, ఆకలి రోజూ వేస్తుంది. మా ఫ్రెండ్ ఇంట్లో ఆ రాత్రి 32 మంది తలా 300 వేస్తే 9,600 అయింది. బతుకుతెరువు అనడానికి అది చాలదు. ఉప్పల్, నాచారం, బోడుప్పల్‌లలో నెలకి ఇలాంటి హాళ్లు నాలుగు దొరికితే కొంచెం వేరే మాట. ఇందులోనూ జాగ్రత్త పడాలి. 2009లో లండన్‌లో ఇళ్లలోని గదుల నుంచే మొదలైన సోఫార్ సౌండ్స్ పెద్ద కంపెనీ అయ్యాక, జీతం లేకుండా పని చేయించుకున్న వాలంటీర్ల విషయంలో 2020లో న్యూయార్క్‌లో నాలుగున్నర లక్షల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది. ఆతిథ్యం వ్యాపారం అయ్యాక ‘మనం మనం’ అనే మాట చాలా చవక.

ఇదంతా ఈ తూర్పు వైపు ఎందుకు జరగాలంటాను? బంజారాహిల్స్‌లో లామకాన్ 2010 నుంచీ ఉంది, ఉప్పల్ భగాయత్‌లో మినీ శిల్పారామమూ ఉంది. కానీ భువనగిరి, జనగామ, వరంగల్ నుంచి హైవే మీద వచ్చినవాళ్లు ముందు దిగింది ఉప్పల్‌లో. ఎంతోమంది ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు. 1999లో చంపేయబడ్డ బెల్లి లలితది ఆ దారిలోని భువనగిరే, చుక్క సత్తయ్యది ఆ దారిలోని జనగామే. అందుకోవడం తెలిసినవాళ్లు ఇక్కడ ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నారు. వాళ్లని మనం వంటింట్లో నిలబెట్టి జంపఖానా మీద మనం కూర్చున్నాం.

చివరిగా డప్పు గురించి. మర్నాడు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది: ఇళ్లలో డప్పు కొట్టొద్దు, చావు జరిగిందేమోనని పెద్దవాళ్లు భయపడ్డారు. పది గంటల తర్వాత చప్పుడు కూడదని చట్టం ఉంది, నిజమే. మేం తొమ్మిదిన్నరకే ముగించాం. గిటార్ కచేరీ పదీ ఇరవై దాకా నడిచినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. మా ఫ్రెండ్ గొడవెందుకని వచ్చేసారి డప్పు లేకుండా పెడదాం అంటున్నాడు. నేను వద్దంటున్నాను. డప్పు తీసేస్తే ఆ గాయకుణ్ని మళ్లీ వాకిట్లో కూర్చోబెట్టినట్టే. అసోసియేషన్ మీటింగ్ వచ్చే ఆదివారం. వాళ్లమ్మ కూడా వస్తానంది.